వోచర్ మీద ఇచ్చిన ఇల్లు

న్యూజెర్సీలో మా ఇంట్లో అద్దెకున్నావిడది సెక్షన్ 8 వోచర్, అంటే ప్రభుత్వ అద్దె సాయం. తన ఆదాయంలో సుమారు 30 శాతం ఆవిడ కట్టాలి. మిగతాది ఆ సాయం నడిపే హౌసింగ్ అథారిటీ నేరుగా నాకు పంపేది.

2020 ఏప్రిల్‌లో ఆవిడ వాటా ఆగింది. పని పోయిందని చెప్పింది. కరోనా కోసం తెచ్చిన కేర్స్ చట్టం వల్ల జులై 24 దాకా వోచర్ ఇంటి మీద అద్దె బాకీ కేసు వేయడానికి వీల్లేకపోయింది. ఆ తర్వాతా 30 రోజుల నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. ఇచ్చాను. కాపీ హౌసింగ్ అథారిటీకి పంపాను. అది తప్పనిసరి. కేసు నడుస్తున్నా తీర్పు వచ్చేదాకా వాళ్ల వాటా వస్తూనే ఉంటుంది. నన్ను కొంతైనా నిలబెట్టింది అదే.

కేసు వేశాను. కరోనా వల్ల విచారణలు మాత్రం జరగలేదు.

2021లో నా ఉద్యోగం పోయింది. హెచ్-1బి వాళ్లకు మరోటి వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు. ఒకటో తారీఖు దగ్గరపడుతుంటే కడుపులో తిప్పేది. అర్ధరాత్రి లేచి బ్యాంకు ఖాతా చూసుకునేవాణ్ణి. తెనాలిలో నాన్నకు చెప్పలేకపోయాను. డాలస్‌లో ఉన్న బావమరిదిని అడిగాను. అడిగేటప్పుడు మాట పెగల్లేదు. ఒక్క ప్రశ్నా వేయకుండా ఇంటి లోను వాయిదాలు అతనే కట్టాడు. గడువులోపే వేరే ఉద్యోగం దొరికింది. భయం మాత్రం పోలేదు.

ఆ రోజుల్లోనే తాళం మార్చేద్దామనుకున్నాను. పక్కింటి గుజరాతీ పెద్దాయన కూర్చోబెట్టి ఆపాడు. కోర్టు అధికారి తప్ప ఎవరూ ఖాళీ చేయించకూడదని, చేస్తే నేరం నా మీదే పడుతుందని చెప్పాడు. ఆయన ఆ పూట ఇంట్లో లేకపోతే ఏం చేసేవాణ్ణో.

ఆ ఏడాది చివర్లో హౌసింగ్ అథారిటీ ఉద్యోగిని ఒకామె ఫోన్‌లో ఓపిగ్గా వివరించింది. ఆదాయం తగ్గిందని అద్దెకున్నవాళ్లు రాసిస్తే వాళ్ల వాటా తగ్గుతుంది, మనకొచ్చేది పెరుగుతుంది. మా ఇంట్లో ఉన్నావిడ రాసివ్వలేదు. ఆ సంగతి ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. మీ ఇంట్లో వోచర్ వాళ్లుంటే, అద్దె ఆగిన నెలలోనే ఈ మాట చెప్పండి. ఆవిడ కాగితాలిచ్చాక బాకీ పెరగడం ఆగింది. పాతది అలాగే ఉంది.

2022లో కోర్టు వాళ్లు ఆన్‌లైన్‌లో రాజీకి పిలిచారు. అద్దె ఎగ్గొట్టినందుకు కోర్టు ఖాళీ చేయిస్తే వోచర్ కూడా పోతుందని లాయరు ముందే చెప్పాడు. మళ్లీ దొరకాలంటే ఏళ్లు పడుతుంది. తెర మీద ఆవిడ పక్కన పిల్లవాడున్నాడు. తీర్పు వద్దన్నాను. ఇల్లు ఖాళీ చేయడానికి గడువు రాసుకున్నాం. ఆ గడువుకే వోచర్‌తో వేరే ఇంటికి వెళ్లింది.

బాకీ రాలేదు, అడగనూ లేదు. బావమరిది అప్పు నిరుడు తీర్చాను.