‘ది క్వీన్’ – రాణి కన్నీరు

స్టీఫెన్ ఫ్రియర్స్ దర్శకత్వంలో 2006లో వచ్చిన ‘ది క్వీన్’ చిత్రానికి ఇతివృత్తం ఇంచుమించు ఒక్క వారం. 1997 ఆగస్టు 31న ప్యారిస్‌లో డయానా దుర్మరణం పాలైంది. ఎలిజబెత్ రాణి స్కాట్లాండులోని బాల్మోరల్‌లో, తల్లిని కోల్పోయిన మనుమల చెంతనే ఉండిపోయింది. లండన్‌లో బకింగ్‌హాం ప్రాసాదం ముందు పూలు గుట్టలుగా పెరిగాయి; పైన ధ్వజస్తంభం మాత్రం ఖాళీ. రాణి లేని వేళ అక్కడ రాజపతాకం ఎగరరాదని సంప్రదాయం. ప్రజలకది కాఠిన్యంగా తోచింది.

దుఃఖించడం వేరు, దుఃఖం కనబరచడం వేరు. చిత్రంలో వాగు దాటుతూ బండి చెడిపోయి ఒంటరిగా చిక్కుకున్న రాణి కన్నీరు పెడుతుంది. అప్పుడు మనకు కనిపించేది ఆమె వీపు! హెలెన్ మిర్రెన్‌కు 2007లో ఆస్కార్ తెచ్చిన పాత్ర ఇదే. కరుణరసానికి అశ్రువు అనుభావమని అలంకారికుల మాట. అనుభావం కానరానిదే సామాజికునికి రసం అందదు. రాజ్యంలోని సామాజికులకూ అంతే కాబోలు. అయినా, మనుమలను ఓదార్చే నాయనమ్మను వీధిలోకి వచ్చి ఏడువమనడం న్యాయమా? నా మనసు ఒప్పుకోదు.

సెప్టెంబరు 5న రాణి లండన్ చేరి, దూరదర్శినిలో ప్రజలతో మాట్లాడింది. మరునాడు ఆమె అంత్యక్రియలకు బయలుదేరాక ప్రాసాదంపై యూనియన్ జెండా అవనతమై ఎగిరింది. సంప్రదాయమే తల వంచింది.

2022 సెప్టెంబరు 8న అదే బాల్మోరల్‌లో రాణి కన్నుమూసింది. ఆనాడు లండన్‌లోని ఆ స్తంభం ఖాళీగా లేదు, జెండా అవనతమైంది.