నాయన ఎజ్డీ, నా కటింగ్ మిషను

మా పశువుల కొట్టంలో ఒక మూల ఇరవై ఏళ్ళుగా ఒక ఎజ్డీ రోడ్‌కింగ్ నిలబడి ఉండేది. నిలబడి అంటే స్టాండు మీద కాదు, గోడకు ఆనుకొని. సీటు మీద కోళ్ళు పడుకునేవి. హ్యాండిల్‌కు డ్రిప్పు పైపుల చుట్టలు తగిలించేవాళ్ళం. ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్ళూ దాని పక్కనే నా బండి పెట్టుకొని రోజూ పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీకి పోయొచ్చాను కానీ, ఒక్కరోజు కూడా దాని వంక సరిగ్గా చూసిన పాపాన పోలేదు. బెంగళూరులో ఉద్యోగం వచ్చాక ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఎవరో తుప్పు పట్టిన ఎజ్డీని కేఫ్ రేసర్‌గా మార్చిన రీల్ కనబడింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇలాంటిది మా ఇంట్లోనే ఒకటి ఉంది కదా అని!

మా ఊరు పులివెందుల నుంచి లింగాల పోయే దారిలో. చుట్టూ చీనీ తోటలు, అరటి తోటలు. నాయన ఈ బండిని 1986లో కొన్నాడు. ఆ ఏడు వేరుశనగ బాగా పండిందట. అప్పట్లో మా ఊళ్ళో మొత్తం మూడు మోటార్ సైకిళ్ళు ఉంటే అందులో ఇదొకటి అని జేజి ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంటుంది. మిగతా రెండూ ఎవరివో మాత్రం చెప్పదు.

ఎజ్డీని ఎప్పుడూ చూడని వాళ్ళకోసం కొంచెం చెప్పాలి. ఇది మన పక్క రాష్ట్రం బండే. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారైంది. 1960ల మొదట్లో చెకోస్లొవేకియా జావా కంపెనీ డిజైన్లతో అక్కడ బండ్లు చేయడం మొదలుపెట్టారు. 1973 నుంచి పేరు ఎజ్డీ అయింది, 1978లో రోడ్‌కింగ్ వచ్చింది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 250 సీసీ టూ స్ట్రోక్ ఇంజను. సిలిండర్ ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు. అన్నిటికంటే వింత దాని కిక్ రాడ్. కిక్కు కొట్టేదీ, గేరు వేసేదీ ఒకటే లీవరు! లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, బండి స్టార్టయ్యాక మళ్ళీ ముందుకు తిప్పితే గేరు. ఈ సంగతి తెలియకపోతే దొంగ కూడా తీసుకుపోలేడు. 2022లో ఎజ్డీ పేరుతో మళ్ళీ కొత్త బండ్లు వచ్చాయి, బాగున్నాయి కూడా. కానీ అవి ఫోర్ స్ట్రోక్. ఆ పొగ, ఆ వాసన, ఆ టంగ్ టంగ్ శబ్దం వాటికి లేవు.

నెలకు ఒక వారం వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకొని, ఇంకా దొరికిన శని ఆదివారాలన్నీ కలుపుకొని పని మొదలుపెట్టాను. ఇంటి ముందు నాపబండల మీద పాత గోనెసంచులు పరిచి ఒక్కొక్క భాగం ఊడదీయడం, ఫోటో తీయడం, నట్లు బోల్టులు పచ్చళ్ళ డబ్బాల్లో వేసి పేరు రాయడం. ఆఫీసులో కోడ్‌కు వెర్షన్లు పెట్టుకుంటాం కదా, ఇక్కడ డబ్బాలు. ఆవకాయ డబ్బాలో క్లచ్ ప్లేట్లు చూసి జేజి రెండు రోజులు గొణిగింది.

ఇంజను పూర్తిగా పట్టేసింది. కిక్కు మీద ఎక్కి నిలబడినా కదల్లేదు. అప్పుడు దొరికాడు భాయ్. పులివెందులలో నలభై ఏళ్ళుగా బండ్లు బాగుచేస్తున్న మెకానిక్ ఆయన. ఇప్పుడు షాపు కొడుకు చూసుకుంటున్నాడు, ఆయన బయట కుర్చీలో కూర్చొని టీ తాగుతుంటాడు. ఎజ్డీ పేరు చెప్పగానే గ్లాసు కింద పెట్టాడు.

"ప్లగ్గు తీసి బొక్కలో డీజిల్ పొయ్యి. నాలుగు దినాలు దాని జోలికి పోవాకు. తొందరపడి సుత్తి ఎత్తితివంటే పిస్టన్ పగుల్తాది."

నాలుగు రోజులు కాదు, తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు బండిని మూడో గేర్లో పెట్టి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపుతుంటే లోపల సన్నగా కదిలింది. ప్రొడక్షన్‌లో బగ్ దొరికినప్పుడు కూడా నేనంత గట్టిగా అరవలేదు.

సిలిండర్ బోరింగ్ చేయించి ఒక సైజు పెద్ద పిస్టన్ వేయాల్సి వచ్చింది. క్రాంక్ ఆయిల్ సీళ్ళు మార్చాం. టూ స్ట్రోక్‌లో ఇవి ప్రాణం, ఎందుకంటే పెట్రోలూ గాలీ ముందు క్రాంక్ గదిలోకే వచ్చి అక్కణ్ణుంచి పైకి పోతాయి. సీలు కారిందంటే బండి ఎంత తన్నినా సరిగ్గా పలకదు. ట్యాంకులో తుప్పుకు వెనిగర్ నింపి, గుప్పెడు కంకరరాళ్ళు వేసి ఊపీ ఊపీ చేతులు పడిపోయాయి. వస్తువుల కోసం బెంగళూరు జేసీ రోడ్డులో ఎన్ని సందులు తిరిగానో లెక్కలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన పిస్టన్ వేరే మోడల్‌ది వచ్చింది. ఆ గొడవ ఎందుకులే.

ఇంతవరకూ నాయన రోజూ సాయంత్రం తోట నుంచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకొని ఒక నిమిషం చూసి లోపలికి పోయేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఒకసారి మాత్రం నేను కార్బురేటర్ జెట్‌ను గుండుసూదితో పొడుస్తుంటే, "దాన్ని నోటితో ఊదాల, పొడవకూడదు" అన్నాడు. అంతే.

నా ప్లాను కేఫ్ రేసర్. కిందికి వంచిన హ్యాండిల్, ఒక్కరు కూర్చునే సీటు, వెనక భాగం కురచగా. ల్యాప్‌టాప్‌లో బొమ్మ కూడా గీసుకున్నాను. దానికి అడ్డం ఒకటే, వెనక ఉన్న క్యారియర్. అది కంపెనీది కాదు. యాంగిల్ పట్టీలతో ఎవరో మొరటుగా వెల్డింగ్ చేసింది. సీటు కింది ఫ్రేముకు రెండు పక్కలా అతికించి, కింద ఫుట్‌రెస్టుల దాకా ఊతకడ్డీలు దించారు. మంచం కోడులాగా ఉండేది. చూడటానికి అసహ్యంగా ఉందని నా తీర్పు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కటింగ్ మిషను అద్దెకు తెచ్చి మొదలుపెట్టాను. ఎడమ పక్క కడ్డీ తెగింది. నిప్పురవ్వలు ఎగురుతుంటే అమ్మ వీడియో తీస్తోంది. రెండోది సగం తెగేసరికి నాయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మిషను ఆపాను. ఆయన తెగిన ముక్కను ఎత్తి చూసి, గోడ పక్కన జాగ్రత్తగా పెట్టి, చెప్పులేసుకొని మళ్ళీ తోటకే పోయాడు. ఆ రాత్రి అన్నానికి కూడా ఆలస్యంగా వచ్చాడు. ఆ తర్వాత పది రోజులు నాతో మాట్లాడింది అవసరానికి ఒకటీ అరా.

అమ్మను అడిగితే, "నువ్వు అడగాల్సింది గదా ముందు" అంది. ఏమడగాలో చెప్పలేదు.

చెప్పింది భాయ్. ఫోన్లో ఫోటో చూపించి, ఇది పూర్తిగా తీసేసి ఫ్రేము కురచ చేయాలన్నాను. ఆయన ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"ఈ ఎల్డింగు నేనే చేసినా అబ్బోడా. మొదట చీనీకాయల గంపలకని కట్టిచ్చుకున్యాడు మీ నాయన. మల్లా కరువొచ్చినప్పుడు బోరు మోటరుకు ఈ ఊతలు దించినాం. ఒక ఎండాకాలం మీ మోటరు నాలుగు మార్లు కాలె. ఈ బండి మీదనే కట్టుకొని వైండింగు షాపుకు వచ్చాండె. అంత బరువుకు టైరు నేలకు అతుక్కుపోతాండె."

2001 నుంచి 2004 దాకా రాయలసీమను కమ్మిన కరువు సంగతి నేను పుస్తకాల్లో, పేపర్లలో చదివినదే. మా ఇంట్లో ఎలా గడిచిందో మాత్రం నాకు తెలియదు, అప్పుడు నాకు ఐదారేళ్ళు. నీళ్ళు కిందికి పోయేకొద్దీ బోర్లు లోతుకు దించుతారు. కరెంటు చూస్తే లో వోల్టేజీ. నీళ్ళు అందక, వోల్టేజీ చాలక మోటరు వేడెక్కి వైండింగు కాలిపోతుంది. దాన్ని పైకి లాగి, పట్నానికి మోసి, వైండింగు చేయించి, మళ్ళీ దించేలోపల చెట్లు వాడిపోతాయి. ట్యాంకర్లతో నీళ్ళు తోలిన వాళ్ళున్నారు. నాయన కూడా తోలాడట. చివరికి తోట ఎండిపోయింది.

"చెట్లు కొట్టిచ్చిన దినం నేను మీ తోట కాడికి వచ్చినాలే. మీ నాయన ఒక్క మాట మాట్లాడలా. ఈ బండి మీద కూచోని చూచ్చానే ఉన్యాడు," అన్నాడు భాయ్. తర్వాత బండికి పెట్రోలు పోసే స్తోమత లేక కొట్టంలోకి చేరింది. కొన్నేళ్ళకు కొన్న బండి స్ప్లెండర్.

నేను అసహ్యంగా ఉందని కోసేసింది దాన్ని.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. నా కేఫ్ రేసర్ ఐడియా ఎలాగూ చట్టం ముందు నిలిచేది కాదని తర్వాత తెలిసింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఫ్రేము కోసిన బండితో రీల్ చేయొచ్చు కానీ ఆర్సీ రెన్యువల్‌కు పోలేం. 15 ఏళ్ళు దాటిన బండికి ప్రతి ఐదేళ్ళకూ ఆ పని తప్పదు. 2021లో వచ్చిన వింటేజ్ రూల్సు 50 ఏళ్ళు నిండిన బండ్లకు. మా ఎజ్డీకి ఆ యోగం 2036లో. మీలో ఎవరికైనా తాతల బండి మీద చేయి వేయాలని ఉంటే, మిషను పట్టేముందు కాగితాలు చూసుకోండి. ఇంట్లో వాళ్ళను అడగండి. నేను రెండూ చేయలేదు.

రీస్టోర్ చేయడమంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చేయడం అంటారు బెంగళూరులో నాకు తెలిసిన ఎజ్డీ పిచ్చోళ్ళు. ఏటా జూలై రెండో ఆదివారం జావా డేకు వాళ్ళంతా తళతళలాడే బండ్లతో వస్తారు. బోల్టు తల మీద అచ్చు కూడా ఒరిజినల్‌దేనా అని వంగి చూస్తారు. ఆ లెక్కన క్యారియర్ పోవాల్సిందే. మా బండిని కస్టమైజ్ చేయాలని నేను వచ్చాను కానీ, ఆ పని ఎప్పుడో అయిపోయింది. నాకంటే ఇరవై ఏళ్ళ ముందు, అవసరం కొద్దీ, నాయన చేయించాడు.

తెగిన ముక్క గోడ పక్కనే ఉంది. దాన్నీ బండి ఫ్రేమునూ ఆటోలో వేసుకొని భాయ్ దగ్గరికి పోయాను. ఆయన కొడుకును పక్కకు జరగమని, కళ్ళద్దాలు పెట్టుకొని తనే వెల్డింగ్ చేశాడు. చెయ్యి కొంచెం వణికింది. అతుకు లావుగా పడింది. దాన్ని గ్రైండ్ చేసి నున్నగా చేస్తానంటే వద్దన్నాను. ఆర్సీకి బండిని చూపించాల్సిన రోజున బోల్టులిప్పి తీసేలాగా, ఫ్రేముకు అతికిన చోట మాత్రం బోల్టులు పెట్టించుకున్నాను.

ట్యాంకుకు పాత మెరూన్ రంగు, సైలెన్సర్లకు కొత్త క్రోమ్ పూత, క్యారియర్‌కు నల్ల పెయింట్. మొత్తం ఎనిమిది నెలలు, 58 వేల రూపాయలు. ఈ డబ్బుతో సెకండ్ హ్యాండ్ బండి ఇంకోటి వచ్చేదని అమ్మ లెక్క చెప్పింది. కరెక్టే.

తొలి కిక్కు నాయనతోనే కొట్టించాలనుకున్నాను. ఆయన కొట్టలేదు. క్యారియర్ అతుకు మీద బొటనవేలు పెట్టి ఒత్తి చూసి, "బాగా పట్టిందిలే" అన్నాడు.

కాగితాలన్నీ చేతికొచ్చాక శ్రావణ శనివారం గండికి పోదామని అన్నది ఆయనే. పెళ్ళైన కొత్తలో ప్రతి శ్రావణానికీ అమ్మను ఈ బండి మీదే తీసుకుపోయేవాడట. తెల్లవారి ఐదున్నరకు బయల్దేరాం. నేను ముందు, నాయన వెనక. అమ్మా జేజీ బస్సులో. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలిపి పోశాం. పులివెందుల దాటేసరికి వెనక అద్దంలో నీలం పొగ. సిగ్నల్ దగ్గర ఒక పిల్లోడు ఫోన్ తీశాడు. వేముల మండలంలోకి వచ్చాం. తుమ్మలపల్లె యురేనియం గని ఈ మండలంలోనే. చలిగాలి, రెండు పక్కలా అరటి తోటలు. మూడో గేర్లో బండి తన పాట తాను పాడుకుంటూ పోతోంది.

వేంపల్లె ఇంకా రాకముందే టప్ టప్ అని ఆగిపోయింది.

నేను ఫోన్ తీసి భాయ్ నంబర్ వెతుకుతున్నాను. నాయన చొక్కా జేబులోంచి ప్లగ్ స్పానర్ తీశాడు. ఇంకో జేబులోంచి కాగితంలో చుట్టిన ప్లగ్గు. ఎప్పుడు పెట్టుకున్నాడో తెలియదు. ఆయిలు పట్టి నల్లబడిన ప్లగ్గును విప్పి, అగ్గిపెట్టె పక్కన గరుకు పట్టీకి రుద్ది, పంచె కొసతో తుడిచి మళ్ళీ అదే బిగించాడు. కొత్తది జేబులోనే దాచుకున్నాడు. "ఇది పూర్తిగా పోతే అది" అని, లీవరు లోపలికి నొక్కి పైకి తిప్పి ఒక్కటే కిక్కు. స్టార్టయింది. ఆయన ముందుకు జరిగి కూర్చున్నాడు. నేను మారు మాట్లాడకుండా వెనక ఎక్కాను.

అరవై దాటిన మనిషి క్లచ్చి పట్టకుండా గేర్లు మారుస్తుంటే చూడాలి. ఎజ్డీలో గేరు లీవరు నొక్కగానే క్లచ్చి దానంతటదే విడిపోయే ఏర్పాటు ఉందని మాన్యువల్‌లో చదివాను. ఆయన చదవలేదు.

పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని బయటికి వచ్చే చోటే గండి. పేరు కూడా అందుకే. రాముడు బాణం కొనతో రాతి మీద గీశాడని చెప్పే ఆంజనేయస్వామి గుడి ముందు ఆ రోజు ఇసుక వేస్తే రాలనంత జనం. బండిని పక్కగా ఆపితే ముగ్గురు నలుగురు పెద్దాయనలు చుట్టూ చేరారు. "ఏ సంవత్సరం బండి?" "మైసూరుదేనా?" అందరి చేతులూ ట్యాంకు మీదికే. ఒకాయన మాత్రం వెనక్కి పోయి క్యారియర్ చూసి, "మోటరు మోసినట్టుంది" అన్నాడు. నాయన అవునన్నట్టు తల ఊపాడు. ఇద్దరూ దాని గురించి ఇంకేమీ మాట్లాడుకోలేదు. వానల గురించి మాట్లాడుకున్నారు.

మొన్న ఆఫీసులో పొద్దున మీటింగు జరుగుతుంటే నాయన ఫోన్. పని వేళల్లో ఎప్పుడూ చేయడు. గుండె దడదడలాడుతూ బయటికొచ్చి ఎత్తాను.

"చిన్న తోటలో మోటరు కాలిందిరా. పట్నానికి తెచ్చినా."

"ఆటో దొరికిందా నాయనా?"

"ఆటో ఎందుకు, బండుంది గదా. పక్కింటి పిల్లోడు సాయం పట్టినాడు." కాసేపు ఆగి, "నువ్వేసిన నల్ల రంగు కొంచెం గీసుకపోయింది," అన్నాడు.