మిగిలిన ముక్కలు



యోహాను సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు 5 యవల రొట్టెలు, 2 చిన్న చేపలతో 5,000 మంది పురుషులున్న జనసమూహాన్ని తృప్తిపరచిన సంగతి మనందరికీ తెలుసు. ఆ తరువాత జరిగినదాన్ని మాత్రం తొందరగా దాటిపోతాం. ఏదీ పాడైపోకుండా మిగిలిన ముక్కలు ఏరమని ఆయన శిష్యులకు చెప్పాడు. 12 గంపలు నిండాయి. రొట్టెలు పుట్టించగల ప్రభువే ముక్కలు ఏరించాడంటే, నెలాఖరుకు నూనె డబ్బా అడుగు చూసుకునే మన ఇళ్లలో ఇంకెంత జాగ్రత్త ఉండాలి!

ఇది వంటింటి సంగతి మాత్రమే కాదు. గృహదర్శనానికి వెళ్లి, ఆదివారం ఎందుకు రావడం లేదమ్మా అని అడిగితే, కొందరు గొంతు తగ్గించి నిజం చెబుతారు. అప్పు ఇచ్చినవారు కూడా మందిరంలోనే కూర్చుంటారు. వారి ముఖం చూడలేక వీరు ఆరాధన మానుకున్నారు. అప్పు ముందు నిద్రను, తరువాత సహవాసాన్ని, చివరికి ప్రార్థనను తీసేస్తుంది.

లెక్క చూడండి. నూటికి 3 రూపాయల వడ్డీకి 10,000 తెస్తే నెలకు 300, ఏడాదికి 3,600 వడ్డీకే పోతుంది. అసలు అలాగే ఉంటుంది. చిప్స్ ప్యాకెట్లకు, కూల్‌డ్రింకులకు రోజుకు 20 రూపాయలు పోతే నెలకు 600, ఏడాదికి 7,200. మన ముక్కలు ఎక్కడ పడి ఉన్నాయో ఇక్కడే కనబడుతుంది.

మన అమ్మలు చేసినవే మళ్లీ చేద్దాం. కొత్త చింతపండు, ఎండుమిర్చి వచ్చే రోజుల్లోనే ఏడాదికి సరిపడా కొని, ఎండబెట్టి దాచుకుందాం. ఒక్కరికి బస్తా కొనే శక్తి లేకపోతే నాలుగిళ్లవారు కలిసి కొని పంచుకోవచ్చు. పప్పు ముందే నానబెడితే గ్యాసు మిగులుతుంది. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు కాలుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీకి ఒకటిన్నర యూనిట్లు కూడా కావు. బీపీ, షుగర్ మాత్రలు వాడేవారు డాక్టరుగారిని అడిగి, జన ఔషధి దుకాణంలో అదే మందు దొరుకుతుందేమో చూడండి. మిగిలిన డబ్బు చేతిలో ఉంటే నిలవదు. పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతోనే ఆర్‌డీ కట్టవచ్చు.

అయితే పొదుపు పేరుతో కూలివారి కూలి తగ్గించకూడదు. ముసలి తల్లిదండ్రుల మందులు ఆపకూడదు. కొడుకుకు గుడ్డు పెట్టి కూతురికి చారు పోయడం పొదుపు కాదు, అన్యాయం. సేవకులుగా మేము ఇంకొక మాట కూడా స్పష్టంగా చెబుతున్నాము: అప్పు తెచ్చి కానుక వేయవద్దు. క్రిస్మస్ బట్టలకు, విందుకు వడ్డీకి తేవద్దు. వంటకు ముందు తీసి ఉంచే పిడికెడు బియ్యం చాలు.

2 రాజులు 4వ అధ్యాయంలోని విధవరాలి ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి అప్పులవాడు వచ్చాడు. ఎలీషా మొదట ఆమె ఇంట్లో ఏమున్నదని అడిగాడు. నూనె పెరిగింది. ఆ అద్భుతం తరువాత కూడా ఒక వరుస చెప్పాడు: నూనె అమ్మి ముందు అప్పు తీర్చాలి, మిగిలినదానితో ఆమె, పిల్లలు బ్రతకాలి. ఆ నూనె పట్టిన పాత్రలు ఇరుగుపొరుగువారివి.

కాబట్టి అప్పు ఇచ్చిన సహోదరులకు కూడా మా మనవి. పేదవాని దగ్గర వడ్డీ తీసుకోవద్దని నిర్గమకాండము 22లో దేవుడు తన ప్రజలకు ఆజ్ఞాపించాడు. వడ్డీ వదిలేయండి, అసలుకు గడువు ఇవ్వండి. ఈ ఆదివారం మీరే వెళ్లి వారిని మందిరానికి పిలుచుకొని రండి.

ప్రభువా, మా ఇళ్లలో ఉన్నదానిని మాకు చూపించుము. ఏదీ, ఎవరూ నష్టపోకుండా మమ్మును కాపాడుము. ఆమేన్.