జెంబే ముట్టుకున్నారు, డప్పు ముట్టుకోలేదు

హాస్టల్ పిల్లలతో నా ఆదివారం క్లాసుల గురించి రాస్తున్న వరుసలో ఇది ఇంకొకటి. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఈసారి పాఠం ఆఫ్రికా వాయిద్యాలు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు. సిటీలో ఒక మిత్రుడిని అడిగి జెంబే తెచ్చాను. దాని పక్కనే మా నాయిన డప్పు పెట్టాను. మిగతావి వినిపించడానికి ఫోను, చిన్న స్పీకరు.

ఆఫ్రికా ఎక్కడుందంటే మ్యాపులో చూపించారు. "హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ పేరు విన్నారా? ఏసీ అంటే ఏంది?" అన్నాను. చల్లగాలి మిషనన్నారు. కాదు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులో ఆఫ్రికా మూలాలున్న సిద్దీల గుర్రపు దళం. బరాత్‌లలో మోగే మర్ఫాను హైదరాబాద్‌లో నిలబెట్టినవాళ్ళలో ఆ సిద్దీల వారసులూ ఉన్నారు. "మర్ఫానా!" అంటూ ఇద్దరు కూర్చున్నచోటే ఊగడం మొదలుపెట్టారు. ఇక పిల్లలు నాతో వచ్చేశారు.

మాలి, గినీ, గాంబియా, సెనెగల్‌లలో వాయించే కోరా వినిపించాను. పెద్ద సొరబుర్రను సగానికి కోసి, ఆవుతోలు బిగించి, పొడుగాటి కర్ర గుచ్చి 21 తీగలు కడతారు. బాలాఫోన్‌లో చెక్క పలకల కింద సొరబుర్రలు వేలాడుతుంటాయి. ఆ బుర్రలకు చిన్న కన్నం పెట్టి సాలీడు గుడ్లసంచి పొర అంటించేవాళ్ళు, జుమ్మనే మోత దాని నుంచే. జింబాబ్వేలో షోనా జనం వాయించే ఎంబిరాలో చెక్క మీద బిగించిన ఇనుప రేకుల్ని బొటనవేళ్ళతో మీటుతారు. నైజీరియా యోరుబాల డోలును చంకలో పెట్టి తాళ్ళు నొక్కితే స్వరం పైకి లేస్తుంది. స్వరం మారితే మాట అర్థమే మారే భాష వాళ్ళది. అందుకే ఆ డోలు మాట్లాడుతుంది.

తర్వాత "వచ్చి కొట్టండి" అన్నాను. అందరూ జెంబే చుట్టూ మూగారు. డప్పును ఒక్కరూ ముట్టుకోలేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు దాని పక్కన నిలబడి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. వాళ్ళ నాయిన డప్పు కొడతాడని నాకు తెలుసు. ఆ చేతులు కూడా నాకు తెలుసు. డిగ్రీలో చేరినప్పుడు తండ్రి వృత్తి దగ్గర 'వ్యవసాయ కూలీ' అని మాత్రమే రాసి ఊరుకున్నవాణ్ణి నేను.

అప్పుడు ఏడో తరగతి పాప అడిగింది: "అన్నా, ఆడ తోలు పని ఎవలు చేస్తరు? మనసొంటోళ్ళేనా?"

నేను ఆఫ్రికా అంటే అందరం నల్లవాళ్ళం, అందరం అన్నదమ్ములం అని చెప్పి ముగిద్దామని వచ్చాను. ఆ ప్రశ్నకు అది జవాబు కాదు. ఉన్నదున్నట్టు చెప్పాను. మాలి చుట్టుపక్కల మాందే సమాజంలో కమ్మరి, తోలుపని, పాటపాడే కుటుంబాలు పుట్టుకతోనే వేరు. పెళ్ళిళ్ళు తమలో తామే. కోరా వాయించే జెలీలను ఇంటిపేరే పట్టిస్తుంది. రాజుల చరిత్రంతా వాళ్ళ నోట్లోనే ఉంటుంది, సభలో వాళ్ళు కావాలి, కానీ పిల్లనివ్వరు. సెనెగల్‌లో కొన్నిచోట్ల ఇలాంటి గాయకుల్ని మట్టిలో పూడ్చితే నేల పండదని బావొబాబ్ చెట్టు తొర్రలో పెట్టేవాళ్ళు. రాజవంశంలో పుట్టిన సలీఫ్ కీతా పాటగాడు కావాలంటే ఇంట్లోవాళ్ళే అడ్డుపడ్డారు. ఇది మన అంటరానితనమే అని నేననను, రెండూ ఒకటి కావు. కానీ పుట్టుకకు పనిని కట్టడం మన దగ్గర మాత్రమే లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాను. 1739లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో, స్టోనో నది దగ్గర ఆఫ్రికన్ బానిసలు తిరగబడి డోళ్ళు మోగిస్తూ నడిచారు. ఆ మోతకు ఇంకొందరు వచ్చి కలిశారు. తిరుగుబాటును నెత్తురుతో అణిచేశారు. 1740లో చేసిన చట్టంలో బానిసల దగ్గర డోళ్ళు, కొమ్ములు ఉండకూడదన్నారు. డోలు పోయినా చేతులు, తొడలు, కాళ్ళే డోలు చేసుకున్నారు. సొరబుర్ర తీగవాద్యాల జ్ఞాపకంతో వాళ్ళు చేసుకున్నదే బాంజో.

అక్కడ కొట్టొద్దని చట్టం. ఇక్కడ చావుకూ జాతరకూ కొట్టి తీరాలని కట్టుబాటు. పైకి ఎదురెదురుగా కనిపిస్తాయి. రెండుచోట్లా మోత ఎప్పుడు మోగాలో నిర్ణయించేది మాత్రం మోగించేవాడు కాదు.

ఇంత చెప్పాక ఆ పిల్లవాడు డప్పు అందుకుంటాడని, నిజం చెప్పాలంటే, ఆశపడ్డాను. వాడు అందుకోలేదు. క్లాసయ్యాక దగ్గరికొచ్చి అన్నాడు: "నేను జెంబేనే కొడత అన్నా. ఊర్ల ఎవలన్న సస్తే మా నాయినకు ఫోనొస్తది. నాకు రావొద్దు."

డప్పు మన ఆత్మగౌరవం అని ఎన్ని సభల్లో మాట్లాడానో. వాడి ముందు ఆ మాట నోటికి రాలేదు. ఎవరు ఎప్పుడు కొట్టాలో కొట్టేవాళ్ళే తేల్చుకోవాలని చెప్పింది నేనే కదా. కొట్టననడం కూడా వాడి హక్కే. "సరే బిడ్డా, జెంబేనే నేర్చుకో" అన్నాను. జెంబేను ఇంకో నెల ఉంచుకుంటానని మిత్రుడికి ఫోన్ చేశాను.

పిల్లలకు పాఠాలు చెబుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. వాయిద్యం పేరు, దేశం పేరు చెప్పి ఆగిపోకండి. చెక్క ఎవరు చెక్కారు, తోలు ఎవరు బిగించారు, ఎవరు వాయించొద్దన్నారు, ఎవరు వాయించి తీరాలన్నారు, అది కూడా చెప్పండి. మీరు చెప్పకపోతే ఆ పాపలాగా ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినరోజు తప్పించుకోకండి.

డప్పు ఇంకా హాస్టల్లోనే ఉంది. మిగతాది వచ్చే వారం.

జై భీమ్.