అక్క చంక

నాకు ఊహ తెలియకముందే తెలిసిన చోటు మా అక్క చంక. ఈ మాట మా అమ్మ చెబుతుంది. చెప్పినప్పుడల్లా ఆమె గొంతులో నవ్వూ ఉంటుంది, ఇంకేదో కూడా ఉంటుంది.

మాది గుంటూరు జిల్లాలో మిరప పండే ఊరు. మా మాదిగపల్లెలో ఎవరికీ సెంటు భూమి లేదు. వినాయక చవితి ముందు నేను పుట్టాను. ఇరవయ్యొకటో రోజు నీళ్లు పోసుకుని అమ్మ కలుపుకు పోయింది. పోకపోతే పొయ్యి వెలగదు. నాకు ఆరో నెల వచ్చేసరికి మిరపకాయల కోతలు మొదలయ్యాయి. చీకటితో పోయి మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. చేతులు భగభగ మండుతుండేవి. ఆముదం పూసినా, అడుక్కొచ్చిన మజ్జిగలో ముంచినా ఆ మంట పోదు. ఆ చేతులు నా కళ్లకు తగిలితే ఇంకేమన్నా ఉందా! అందుకని అక్క నన్ను ఎత్తి పట్టుకుంటే, అమ్మ రెండు చేతులూ ఎడంగా పెట్టి పాలిచ్చేది. కడుపు నిండగానే నేను మళ్లీ అక్క మెడ పట్టుకునేదాన్నంట. "కన్నది నేను, దీనికి అమ్మవి నువ్వయ్యావు గదే" అనేదంట అమ్మ.

అప్పటికి అక్కకు ఎనిమిదేళ్లు. రెండో తరగతి. నన్ను చంకనేసుకుని బడికి పోతే, చంటిపిల్ల ఏడుపుకి పాఠం సాగదు, రావొద్దన్నాడంట పంతులు. నన్ను ఎవరి దగ్గర దించి పోతుంది? పలక గూట్లో పెట్టేసింది. మళ్లీ ఆ పలక తీసింది నేను బడికి పోయే రోజునే.

బి.ఇడి.లో ఉండగా మనస్తత్వశాస్త్రం పుస్తకంలో హార్లో కోతుల ప్రయోగం చదివాను. 1958లో అమెరికాలో అచ్చయిన సంగతి. తల్లుల నుంచి విడదీసిన కోతిపిల్లల ముందు రెండు బొమ్మతల్లుల్ని పెట్టాడు. ఒకటి ఇనుప తీగెలది, దానికి పాలసీసా ఉంది. రెండోది మెత్తటి గుడ్డ చుట్టింది, దానికి పాలు లేవు. పిల్లలు ఆకలి తీరేంతసేపే తీగెల బొమ్మ దగ్గరుండి, మిగతా పొద్దంతా గుడ్డబొమ్మనే కరుచుకునున్నాయి.

అందరూ నోట్సు రాసుకుంటున్నారు. నాకు పెన్ను కదల్లేదు. ఎడంగా పెట్టిన అమ్మ చేతులే కళ్లముందున్నాయి. మా అమ్మ ఇనుప తీగెల బొమ్మా? ఆ చేతులకు మంట పెట్టింది ఎవరి చేలో కాయలు? ఆ సంగతి పుస్తకంలో లేదు.

తర్వాత ఇంకొకటి చదివాను. షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు స్కాట్లాండులోని గ్లాస్గోలో 60 మంది చంటిపిల్లల్ని గమనించి 1964లో రాసింది. ఏడెనిమిది నెలలప్పుడు చాలామంది పిల్లలు ఒకరిని తన మనిషిగా పట్టుకుంటారు. ఆ మనిషి పాలిచ్చేదే కానక్కర్లేదు, పొద్దంతా పక్కనుండేదీ కానక్కర్లేదు. ఏడిస్తే పలికే మనిషి, ఆడించే మనిషి కావాలి. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామందికి అలాంటి మనుషులు ఒకరికన్నా ఎక్కువే ఉంటారు.

ఇంటికెళ్లి చెప్పాను. "నీ తప్పేం లేదమ్మా, బిడ్డకి ఇద్దరు తల్లులు ఉండొచ్చంట" అన్నాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. అక్క గిన్నెలు తోముతూ, "మరి నా బడి సంగతి రాశారంటనా ఆ పుస్తకంలో?" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

నా కాన్పుకు ప్రభుత్వం జీతంతో 180 రోజులు సెలవిచ్చింది. మా వంశంలో కూలి బెంగ లేకుండా బిడ్డ పక్కన ఆర్నెల్లు పడుకున్న మొదటి తల్లిని నేనే.

ఇప్పుడు నా మూడో తరగతిలో ఒక పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకుని వస్తుంది. నేను చేతులు చాపితే వాడు కెవ్వుమని అక్క మెడలో మొహం దాచుకుంటాడు. అంగన్‌వాడీలో కూచోబెట్టుకునేది మూడేళ్లు నిండినవాళ్లనే. అంతకన్నా చిన్నవాళ్లకి వాళ్ల అక్కలే అంగన్‌వాడీ. గది మూల చాప పరిచాను. వాడు ఏడిస్తే కాసేపు ఆగి మళ్లీ పాఠం చెబుతాను గాని, ఆ పిల్లని పొమ్మనను.

"బళ్లో చంటిపిల్లలేంటి టీచరమ్మా?" అని అడిగినవాళ్లున్నారు. నేనూ అట్లాగే ఒకసారి బడి గుమ్మం దాకా వచ్చినదాన్ని. నన్ను ఎత్తుకొచ్చిన పిల్ల ఆ గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి తిరిగి పోయింది.