కొత్తగూడలో ఛీతు పాట



పోయిన శనివారం కొత్తగూడలో ఇండియన్ ఓషన్ కచేరీ చూసిన. మన మానుకోట జిల్లా కొత్తగూడ కాదు, హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కొత్తగూడ. టికెట్ కొని కాదు. హాస్టల్ నుంచి నలుగురం క్యాటరింగ్ పనికి పోయినం, మనిషికి ఆరు వందలు.

ఆ రాక్ బ్యాండ్ 1990లో ఢిల్లీలో మొదలైంది. మా నాన్న కన్నా పెద్దోళ్లు స్టేజీ మీద వాయిస్తుంటే, కంపెనీ పిల్లలు ఆరుబయట గడ్డిలో ఎగురుతున్నరు. నేను ప్లేట్లు ఏరుతున్న. అప్పుడు 'ఛీతు' ఎత్తుకున్నరు. మాటలు అర్థం కాలే గానీ ఆ దరువుకి చేతిలో ప్లేట్లు ఆగిపోయినయి. బ్రిటిషోళ్ల మీద తిరగబడ్డ ఆదివాసీ వీరుడి పాట అని రూంకి వచ్చి చూస్తే తెలిసింది. బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్ అమెరికాలో పీహెచ్‌డీ చేసొచ్చి నర్మదా బచావో ఆందోళనలో తిరిగిన మనిషి. ఆ లోయ పాటలు అట్ల ఢిల్లీ చేరినయి.

నర్మద అంటే నాకు పోలవరం కింద మునిగే మన ఊర్లే యాదికొచ్చినయి. వాటి పాటలు ఎవరు మోస్తున్నరు? డోలి కొట్టి సమ్మక్క సారలమ్మ కథ చెప్పిన సకిని రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ ఇచ్చిన్రు. 2024లో తాత పోయిండు. డోలి పట్టే కుర్రోళ్లు మా మండలంలో నాకు తెలిసి ఇద్దరే. బయటి నుంచి ఎవరో పీహెచ్‌డీ చేసొచ్చి నేర్చుకునేదాకా ఆగుదామా?

దసరా సెలవులకు ఫోన్ పట్టుకొని తిరుగుదామనుకుంటున్న. మీ దిక్కు డోలి పాట వచ్చిన తాతలుంటే కింద ఊరు పేరు రాయండి, బస్సు ఎక్కడిదాకా వస్తదో కూడా.