లెక్కలో లేని పంతులమ్మ

మొన్న స్టాఫ్ గదిలో టీ తాగుతూండగా ఒకావిడ అడిగింది: "మీ దేశంలో ఆడవాళ్ళను కాలేజీల్లో పాఠాలు చెప్పనిస్తారా?" నవ్వొచ్చింది. గుంటూరులో పదకొండేళ్ళు చెప్పి వచ్చినదాన్ని మరి!

ఇంటికొచ్చి లెక్కలు తీశాను. 2021-22లో ఇండియాలో కాలేజీలు, యూనివర్సిటీలు కలిపి సుమారు 16 లక్షల మంది అధ్యాపకులు. వారిలో నూటికి 43 మంది స్త్రీలు. అదే ఏడు బ్రిటన్‌లో నూటికి 48. మరీ పెద్ద దూరమేం కాదు. కేరళలో అయితే ఆడవారే ఎక్కువ. బీహారు సంగతి అడక్కండి.

పై మెట్టుకు వెళితే రెండు చోట్లా ఒకటే కథ. ప్రొఫెసర్లలో స్త్రీలు అక్కడ నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, ఇక్కడ నూటికి 30 మంది.

అన్నట్టు, కలకత్తా యూనివర్సిటీ 1883లోనే ఇద్దరు అమ్మాయిలకు బి.ఏ. పట్టా ఇచ్చింది. కేంబ్రిడ్జి ఆడవారికి పూర్తి పట్టాలివ్వడం 1948లో మొదలు. ఇది ఆవిడకు చెప్పలేదు. టీ చల్లారిపోతుందని.

తర్వాత ఆ అంకెల్లో నన్ను నేను వెతుక్కున్నాను. మావారి ఉద్యోగం కోసం రాజీనామా ఇచ్చి వచ్చాను కనుక అక్కడ లేను. ఇక్కడైనా ఉన్నానా అంటే, ఎవరైనా సెలవు పెడితే నాలుగు వారాలు పాఠం చెప్పే నాబోటివాళ్ళను ఆ 48లో కలపరట. కింద సన్నటి అక్షరాల్లో రాసి ఉంది. సోమవారం నా క్లాసులో ముప్ఫై ఇద్దరు పిల్లలున్నారు.

వచ్చే నెల మన మీటింగుకు ఒక కాగితం తెస్తాను. అక్కడ గానీ ఇక్కడ గానీ కాలేజీలో పాఠాలు చెప్పిన అక్కచెల్లెళ్ళు పేర్లు రాయండి.